కాగితం మనిషి, నోటి మనిషి

రుక్మాబాయమ్మ పోయిందని కబురు వచ్చిన మర్నాడు పొద్దున్నే కర్నూలులో ఆదోని బస్సెక్కాను. ఈ వయసులో బస్సెందుకమ్మా, కారు మాట్లాడతానని నా కొడుకు అన్నాడు గానీ నేను వినలేదు. ఆ ఊరికి నేను ఎప్పుడూ బస్సులోనే పోయాను, కారులో దిగితే చుట్టపుచూపుగా పోయినట్టుంటుంది. కోడుమూరు దాటి ఎమ్మిగనూరు దాటేదాకా కునికిపాట్లు పడుతూనే ఉన్నాను. ఆదోని కొండలు కనబడగానే నిద్ర ఎగిరిపోయింది. ఊళ్లో దిగి ఆటో ఎక్కితే, అది కోర్టు ముందు నుంచే పోయింది. జుట్టు నెరిసిపోయేదాకా వకీలు పని చేసి, ఎందరో జడ్జీల ముందు గొంతెత్తి వాదించిన మనిషిని, ఒక గేటును చూసి చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆటో అతను అద్దంలో చూసి, "ఏమైందమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. బాగానే ఉంది నాయనా, పాత జబ్బు అన్నాను.

వెంకోబరావు గారి ఇల్లు మారిపోయింది. ముందుగది, అంటే ఒకప్పుడు మా ఆఫీసు, ఇప్పుడు స్కూటర్లు పెట్టుకునే చోటు. ఆమెను నడవలో పడుకోబెట్టారు. ముఖం అదే ముఖం, చచ్చిపోయి కూడా ఎవరో అడిగినదానికి కాదని చెప్పబోతున్నట్టు పెదవులు బిగించుకుని ఉంది. నేను ఏడ్చాను. ఆమె బతికుండగా నన్ను ఇంతకన్నా ఎక్కువే ఏడిపించింది కాబట్టి నాకేం సిగ్గనిపించలేదు. ఆమె భర్త వెంకోబరావు గారే నా సీనియరు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. వాళ్లిద్దరి చేతుల్లో నేను వకీలునైన ఆ కాలం గురించి రాద్దామనుకున్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది చట్టం కాదు, భయం. అందుకే ఇది ఆ భయం గురించే.

మా నాన్నది ఆదోనిలో పత్తి మండీ. ఆయనకు కోర్టన్నా, ఖాకీ బట్టలన్నా చచ్చేంత భయం. కోర్టు అమీనా వేరే ఎవరింటికో సమన్లు ఇవ్వడానికి మా వీధిలో నడిచిపోతున్నా నాన్న లోపలికి వచ్చి మంచినీళ్లు అడిగేవాడు. ఇంట్లోనే ఒక వకీలు ఉంటే ఆ భయం పోతుందని నన్ను తిరుపతి పంపించి లా చదివించాడు. మావాళ్లలో ఆడపిల్లను అంత దూరం చదువుకు పంపినవాళ్లు అప్పటికి లేరు. అంత సాహసం ఆయన చేత చేయించింది కూడా భయమే. తీరా నేను పట్టా పుచ్చుకుని వచ్చాక ఆయన భయం ఏమీ తగ్గలేదు, కొంత నాకు కూడా వచ్చింది. గౌను కుట్టించుకున్న రోజు అద్దం ముందు నిలబడితే, నల్లటి గుడ్డలో ఎవరో నా తల పెట్టినట్టు కనిపించింది.

వెంకోబరావు గారు మంత్రాలయం వైపు మాధ్వులు, పూజారుల ఇంట పుట్టి వకీలు అయిన మనిషి. సన్నగా, ఎత్తుగా ఉండేవారు. గట్టిగా మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు, అదే ఇంకా భయం. మొదటిరోజు నన్ను కూర్చోమని చెప్పకుండానే అడిగారు.

"ఏమ్మా, సొలిసిటరంటే ఎవరు, బారిస్టరంటే ఎవరు?"

నేను పుస్తకంలో చదివింది అప్పజెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు.

"నేను మద్రాసులో ఒక బారిస్టరు దగ్గర పని నేర్చినా. ఆయన లండన్ పోయి, ఆడ వకీళ్ల సత్రంలో వాళ్ల రూలు ప్రకారం ఇన్ని పూటలని లెక్క పెట్టుకోని భోంచేసి, పట్టా తెచ్చుకున్న మనిషి. కక్షిదారు మొహం గూడా చూసేవాడు గాదు. కక్షిదారుతో కూర్చునేది, ఏడుపు వినేది, కాగితం తయారుచేసేది అంతా సొలిసిటరే. ఆ కాగితం పట్టుకోని కోర్టులో లేచి నిలబడేది బారిస్టరు. వీడు ఆడ నోరు తెరవకూడదు, వాడు ఈడికి రాకూడదు. మన ఆదోనిలో అంత వైభోగం యాడిది? ఒక్కడే రెండూ చెయ్యల్ల. కానీ నా ఆఫీసులో మాత్రం ఒకరు కాగితం మనిషి, ఒకరు నోటి మనిషి. నువ్వు ఏది?"

"కాగితం మనిషి సార్," అన్నాను. అంత తొందరగా నేను జీవితంలో దేనికీ జవాబు చెప్పలేదు. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, సరే, కొన్నాళ్లు అన్నారు. ఆ 'కొన్నాళ్లు' అన్న మాట నా నెత్తిన బండరాయిలా ఉండిపోయింది. ఎప్పుడు పడుతుందో తెలియదు.

నోటి మనిషి అప్పటికే ఉన్నాడు. ఖాదర్ బాషా అని, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. అతను మునసబు కోర్టులో మాట్లాడితే బయట సైకిళ్లు అద్దెకిచ్చేవాడికి వినిపించేది. "భయమెందుకు మేడం, జడ్జి కూడా ఇంట్లో బేగం కసిరితే భయపడేవాడే గదా" అనేవాడు. జడ్జి ఇంట్లో ఎవరికి భయపడితే నాకేం? కోర్టులో నన్ను భయపెట్టకుండా ఉంటే చాలు.

సారు ఇంట్లో రోజు కాఫీ గింజలు వేయించే వాసనతో మొదలయ్యేది. వీధిలోంచి జిన్నింగు మిల్లుల దూది నలుసులు గాలిలో తేలుతూ వచ్చి మా కాగితాల మీద వాలేవి. చలికాలంలో గానుగల నుంచి వేరుశెనగ నూనె వాసన కమ్ముకునేది. మంగలి రామన్న వచ్చి వసారాలో సారుకు గడ్డం గీస్తుంటే, నేను స్తంభం పక్కన నిలబడి ముందురోజు రాసిన దావా పైకి చదవాలి. కత్తి గొంతు మీద ఉంటుంది కాబట్టి ఆయన మాట్లాడరు. తప్పు దొర్లితే ఎడమచేతి చూపుడువేలు లేస్తుంది. ఆ వేలు వంకే చూస్తూ చదివేదాన్ని. అది లేచిందంటే వాక్యం మళ్లీ రాసుకోవాలి. తొమ్మిదింటికి బొరుగుల ఉగ్గాని పళ్లెం వచ్చేది, పక్కన మిరపకాయ బజ్జీలు. ఆ ఇంట్లో నేను భయం లేకుండా చేసిన పని అది తినడమొక్కటే.

కక్షిదారు వచ్చినప్పుడు మొదట ఏమీ రాయకూడదని సారు నియమం. పలక ముందు పెట్టుకున్న పిల్లవాడిలా కలం పట్టుకుని కూర్చుంటే వాళ్లు నీకు కావలసింది చెబుతారు, వాళ్లకు తెలిసింది చెప్పరు అనేవారు. అందుకని వాళ్లు ఏడ్చి, తిట్టి, నీళ్లు తాగి, మళ్లీ మొదటికి వచ్చేదాకా వినాలి. వాళ్ల ఊరికి పోవాలి, ఇల్లు చూడాలి, గోడ చూడాలి. ఎర్రబస్సుల్లో ఆలూరు, ఎమ్మిగనూరు, చుట్టుపక్కల ఊళ్లన్నీ అట్లా తిరిగాను. అది నాకు ఇష్టంగా ఉండేది. ఆ పనితోనే నా జీవితం గడిచిపోతే బాగుండునని రోజూ వెంకటేశ్వరస్వామికి మొక్కుకునేదాన్ని.

ఆదివారాలు మాత్రం నరకం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సారు పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని, "ఊ, మొదలుపెట్టు" అనేవారు. రుక్మాబాయమ్మ తమలపాకుల పళ్లెంతో వచ్చి గడప మీద కూర్చునేది. ఆమె సాక్షి. నేను ఆమెను క్రాస్ చెయ్యాలి, అంటే ఎదురు ప్రశ్నలు వెయ్యాలి. అబద్ధం చెప్పడం ఆమె పని, నిజం రాబట్టడం నా పని. ఆదోని కోర్టులో అంత మొండి సాక్షిని నేను మళ్లీ చూడలేదు.

"అమ్మా, ఈరోజు వంకాయ కూర చేసినారా?"

"లేదు."

"మరి నేను తిన్నది?"

"బెండకాయ."

"అమ్మా, నేను నా చేత్తో తిన్నాను!"

"నీ నాలిక బాగలేకుంటే నేనేం చేసేది? డాక్టరుకు చూపిచ్చుకో."

నాకు ఉక్రోషం వచ్చి ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు గుప్పించేదాన్ని. వాటిలో తనకు నచ్చినదానికి మాత్రం ఆమె తీరిగ్గా జవాబు చెప్పి ఆకు మడుచుకునేది. పేపరు వెనకనుంచి "పోయింది కేసు" అని వినిపించేది. "ప్రశ్న అడిగినంక నోరు మూసుకో అని ఎన్నిసార్లు చెప్పల్ల? నువ్వు మాట్లాడుతాంటే సాక్షికి ఆలోచించుకునే తీరిక దొరుకుతాది." రుక్మాబాయమ్మ నవ్వి, "ఏమే ప్రమీలా, వక్కాకు నమిలే ముసల్దాన్ని చూసే ఇట్ల బెదురుతావే, రేపు బోనులో మీసాలోడు నిలబడితే ఏం చేస్తావ్?" అనేది. నోరు మూసుకోవడం నాకు చేతనయ్యేది కాదు. భయమేస్తే నాకు వాగుడు వస్తుంది. చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి పోవలసి వస్తే నాలో నేను గట్టిగా మాట్లాడుకుంటూ పోయేదాన్ని, అదే అలవాటు.

అట్లాంటి రోజుల్లో నీలమ్మ వచ్చింది. ఎమ్మిగనూరులో నేతపని చేసేవాళ్ల మనిషి. భర్త శంకరప్ప చనిపోయి అప్పటికి ఏడాదిన్నర. ఇద్దరు ఆడపిల్లలు. భర్త ఉన్నప్పుడు ఆయన నేసేవాడు, ఈమె నూలు కండెలు చుట్టేది. ఆయన పోయాక ఈమే మగ్గం ఎక్కింది. ఆమె మరిది సిద్ధప్ప కోర్టులో దావా వేశాడు. ఇల్లు తనదని, అన్నకు ఇల్లు లేదని జాలిపడి ఉండనిచ్చానని, అన్న పోయాడు కాబట్టి వదినను ఖాళీ చేయించమని. ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు తన భర్త భాగానికి వచ్చిందని నీలమ్మ చెబుతుంది. పంపకం నోటిమాటగా జరిగింది. ఇంటిపన్ను రసీదులన్నీ సిద్ధప్ప పేరు మీదే ఉన్నాయి, ఎందుకంటే మునిసిపాలిటీకి పోయి కట్టి వచ్చేవాడు అతనే. పంపకంలో కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన పోయాడు, మిగిలినవాళ్లు సిద్ధప్ప మనుషులు. కాగితం మనిషినని గర్వపడే నాకు ఆ కేసులో ఒక్క కాగితం కూడా దొరకలేదు.

నేను ఎమ్మిగనూరు పోయి ఆ ఇల్లు చూశాను. చిన్న ఇల్లు, సగం ఇల్లు మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని, నేల మీద కూర్చుని నేసే మగ్గం అది. గంజి వాసన, రంగు నూలు వాసన. పిల్లలిద్దరూ గోడవారగా కూర్చుని కండెలు చుడుతూ నన్ను చూసి చెయ్యి ఆపారు, కొత్త మనిషి వస్తే వాళ్లకు భయం. నీలమ్మ నాకు చాప వేసి, తను గుంటలోనే కూర్చుని మాట్లాడింది.

"మా మరిది దినామూ వస్తాడమ్మా. లోపలికి రాడు. గడపకాడ నిలబడి ఈ గుంట పక్కే సూస్తాంటాడు. ఎర్రమన్ను రెండు బండ్లు సెప్పి పెట్టినా వదినా, కోర్టోళ్లు అయిందంటానే పూడిపిస్తా అంటాడు. నాకు కూడు ఎక్కదు. బండి సప్పుడైతే సాలు, మన్ను బండేమో అని బయటికి ఉరుకుతా."

"ఇల్లు పోయినా మగ్గం నీదే కదా నీలమ్మా, వేరే చోట పెట్టుకోవచ్చు," అన్నాను, ఏదో ధైర్యం చెబుదామని.

"యాడ పెట్టుకునేది? అద్దె ఇంట్లో గుంట ఎవరు తవ్వనిస్తారు? ఇంటి నేల పొడిసేది ఇంటాయన ఒక్కడేనమ్మా, ఇల్లు ఎవురిదో ఆయన. మా వీదిలో గుంట తవ్వేనాడు ఇంటాయన స్నానం చేసి, ఇబూది పెట్టుకోని తొలి గడ్డపార ఏస్తాడు. ఆయన సేతులు గడ్డపార మీద ఉంటాయి గాబట్టి పక్కన చుట్టపోడు నిలబడి టెంకాయ కొడతాడు. ఈ గుంటకు మా ఇంటాయనే ఏసినాడు. ఈ సిద్ధప్పే పక్కన ఉన్నాడు. నేను నా కండ్లతో సూసినా."

తిరుగు బస్సులో, గడ్డపార వేసినవాడిదే ఇల్లు కదా అని తట్టి నాకు ఒళ్లంతా వేడెక్కింది. ఆదోనిలో దిగి సరాసరి ఆఫీసుకు పోయి సారుకు చెప్పాను. "మంచి సంగతే. కానీ మీ అన్న గడ్డపార ఏసినాడా అని అడిగితే, లేదు నేనే ఏసినా అంటాడు. అంతటితో పాయె. ఎట్ల అడగల్లనో నేను చూసుకుంటాలే," అన్నారు. నేను గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. నా పని అయిపోయింది. ఇక నోటి మనుషులు చూసుకుంటారు.

సిద్ధప్ప సాక్ష్యం ఉన్న రోజున ఖాదర్ ఆలూరు కేసు మీద పోయాడు. సారుకు సబ్ కోర్టులో పెద్ద దావాలో వాదనలు సగంలో ఉన్నాయి. "మునసబు కోర్టుకు పోయి, సారు సబ్ కోర్టులో ఉన్నారు, కొంచెంసేపు ఆగండి అని మాత్రం చెప్పు. నేను వస్తా," అని నన్ను పంపారు. ఆ ఒక్క వాక్యాన్ని దారి పొడుగునా వల్లించుకుంటూ పోయాను. ఆ కోర్టు జడ్జి, మునసబు, కొత్తగా వచ్చినాయన, వయసులో ఉన్నవాడు, నవ్వడం తెలియని మనిషని పేరు. బంట్రోతు కేసు పిలిచాడు. లేచి నా వాక్యం చెప్పాను. ఆయన తల ఎత్తకుండా, "వకాలతులో మీ పేరు కూడా ఉందిగా?" అన్నారు.

ఉంది. ఫలానా వకీలు నా తరఫున వాదిస్తారని కక్షిదారు రాసిచ్చే ఆ కాగితంలో సీనియరు పేరు కింద జూనియరు పేరు రాయడం ఆనవాయితీ. అందులో నా పేరు ఎప్పుడైనా నిజంగా పనిచేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఈ కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. వాది తరఫు ప్రశ్నలు ఇప్పుడే అయిపోతాయి. మీరు క్రాస్ చేస్తే చెయ్యండి, లేకపోతే ప్రశ్నలు లేవని రాసుకుంటాను."

ప్రశ్నలు లేవని రాసుకుంటే నీలమ్మ ఇల్లు పోయినట్టే. నేను వెనక్కి తిరిగి చూశాను. తలుపు దగ్గర సారు లేరు. గోడకు ఆనుకుని నీలమ్మ నిలబడి ఉంది, పక్కన పిల్లలు. ఆమె నా వైపు చూస్తోంది. కోర్టు హాలంతా దూరంగా జరిగిపోయినట్టు, నేను బావి అడుగున నిలబడ్డట్టు అనిపించింది. పారిపోదామనుకున్నాను, నిజంగానే. తలుపు ఎంత దూరమో చూసుకున్నాను కూడా. అంత దూరం నడిచే శక్తి కాళ్లలో లేకనే అక్కడ నిలబడిపోయాను.

సిద్ధప్ప బోనులో దర్జాగా ఉన్నాడు. తెల్ల పంచె, కొత్త కండువా, నుదుట విభూతి రేఖలు. వాళ్ల వకీలు అడిగినవన్నీ గడగడా చెప్పేశాడు. నా వంతు వచ్చింది. ఇల్లు ఎప్పుడు కట్టారని, ఎన్ని గదులని పనికిరాని ప్రశ్నలు రెండు మూడు అడిగాను. నా గొంతు నాకే వినబడలేదు. మునసబు "గట్టిగా" అన్నారు. అవతలి వకీలు తన పక్కవాడితో ఏదో అని నవ్వాడు. సిద్ధప్ప కూడా నవ్వి, "లాయరమ్మకు మగ్గమంటే తెలుసునో లేదో సామీ, గుంట యాడుందో నన్ను అడగమనండి, సెప్తా," అన్నాడు. గడ్డపార సంగతి అడగాలని నాకు తెలుసు. అడిగితే అతను 'నేనే' అంటాడని కూడా తెలుసు. అడగడానికి ధైర్యం చాల్లేదు, అడగకుండా కూర్చోవడానికీ చాల్లేదు. ఆ రెండు భయాల మధ్య నలిగి నా నోటి నుంచి పక్క ప్రశ్న వచ్చింది.

"గుంట తవ్విన రోజు టెంకాయ ఎవరు కొట్టినారు?"

సిద్ధప్ప కండువా సర్దుకున్నాడు. "నేనే కొట్టినా. ఇంగెవురు కొడతారు?"

టెంకాయ కొట్టడమంటే, మగ్గాల సంగతి తెలియని బయటివాళ్ల కంటికి పెద్దరికం. పూజ తన చేతి మీదుగా జరిగిందంటే ఇల్లు తనదేనని జడ్జి అనుకుంటాడని అతని లెక్క. ఆదివారాల అలవాటు ప్రకారం నేను వెంటనే పైన ఇంకేదో అడగాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. కొంచెం భయమైతే నన్ను వాగిస్తుంది గానీ, ఇది ఆ భయం కాదు. బల్ల అంచు పట్టుకుని సాక్షి ముఖం వైపు చూస్తూ నిలబడ్డాను. మునసబు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. వకీలు అట్లా మాట్లాడకుండా తననే చూడడం సిద్ధప్పకు నచ్చలేదు. తన మాట నమ్మలేదనుకున్నాడు.

"ఏమట్ల సూస్తావమ్మా? ఒట్టు, నేనే కొట్టినా. మా అన్న గడ్డపార ఎత్తి పట్టుకోని నిలబడుకోనుండె, నేను కొట్టినంకనే ఏసినాడు. నేను లేకుంటే ఆ గుంటనే లేదు."

ఇప్పుడైనా ఏదో ఒకటి అనాలి. కళ్లలో నీళ్లు తిరిగాయి. మునసబు రాయడం ఆపి, మొదటిసారి తల ఎత్తి సాక్షిని చూశారు. ఆయన కోస్తా జిల్లాల మనిషి, మగ్గాల సంగతి తెలియదు. మామూలుగా, తెలుసుకోవడానికే అడిగారు.

"ఇల్లు నీదంటున్నావు కదా, గడ్డపార నువ్వే వేయవచ్చు కదా?"

"అట్లెట్లయితాది సామీ? ఇంటాయన గదా ఏసేది!"

అని, నోరు అట్లాగే తెరుచుకుని ఆగిపోయాడు. అవతలి వకీలు లేచి ఏదో అనబోయాడు. మునసబు కలంతో కూర్చోమని సైగ చేసి, ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నారు. కలం కాగితం మీద గీసుకుపోతున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. "ఇంకా ఉన్నాయా?" అని నన్ను అడిగారు. తల అడ్డంగా ఊపి కూర్చున్నాను.

సారు వచ్చేసరికి అంతా అయిపోయింది. వరండాలో నిలబెట్టి జరిగింది చెప్పించుకున్నారు. చెబుతుంటే ఏడుపు వచ్చింది, నేను కేసు పాడుచేశాననే అనుకున్నాను. ఆయన అంతా విని, "టెంకాయ ప్రశ్న నీకు ఎట్ల తట్టింది?" అన్నారు.

"తట్టలేదు సార్. గడ్డపార ప్రశ్నకు భయపడి అడిగినా."

"మరి తర్వాత ఊరికె ఎందుకున్నావ్?"

"మాట రాలేదు సార్."

ఆయన వరండా స్తంభానికి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. గుమస్తాలు, కక్షిదారులు ఆగి చూశారు. వెంకోబరావు గారు నవ్వగలరని ఆదోని కోర్టుకు ఆ రోజే తెలిసింది. ఇంటికి పోయాక రుక్మాబాయమ్మ విని, నవ్వలేదు. నా తల నిమిరి, "పిచ్చిదానా, అంత భయమేసిందా?" అని, నా పళ్లెంలో ఇంకో గరిటె వంకాయ కూర వేసింది. బెండకాయ అనలేదు.

ఇప్పటి పిల్లలను చూస్తుంటాను. నా దగ్గరికి వచ్చే జూనియర్లు మొదటివారమే లేచి నిలబడి జడ్జితో వాదిస్తారు. ఫోనులో తీర్పు వెతికి అక్కడికక్కడే చదువుతారు. కక్షిదారు ఊరు ఎక్కడుందో తెలియకుండానే కేసు గెలుస్తారు కూడా. వాళ్లను చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. భయం మంచిదని, భయముంటేనే పని వస్తుందని ఉపదేశాలు చేసే ముసలివాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఏం మంచిది? నా పడుచుదనంలో సగం తిండి, సగం నిద్ర అది తినేసింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముందు కూడా నేను మర్నాటి వాయిదా తలుచుకుని బిగుసుకుపోయి కూర్చున్నాను. ఆడపిల్లను కాబట్టి తప్పు చేస్తే నా ఒక్కదాని తప్పుగా కాదు, ఆడవాళ్లందరి తప్పుగా చూస్తారన్న భయం ఒకటి అదనం. ఇప్పుడు అది కొంచెమైనా తగ్గింది. తగ్గనీ. అయితే ఒకటి మాత్రం చూస్తున్నాను. ఆ రోజుల్లో కేసు పోతే మేము ఇంటికి ఎట్లా పోవాలా అని గడప దగ్గర తచ్చాడేవాళ్లం. ఇప్పుడు పిల్లలు అప్పీలు ఉంది కదా మేడం అని టీ తాగడానికి పోతారు.

తీర్పు నీలమ్మ వైపు వచ్చింది. మునసబు తీర్పులో సాక్షి స్వయంగా ఒప్పుకున్న ఆచారం అని రెండు పేరాలు రాశారు. కానీ సిద్ధప్ప ఊరుకోలేదు, సబ్ కోర్టులో అప్పీలు వేశాడు. నోటీసు పట్టుకుని నీలమ్మ మళ్లీ మా ఆఫీసుకు వచ్చింది. అప్పీలులో ఆ ఒక్క మాట చుట్టూనే వాదన ఉంటుంది, పొరపాటున నోరు జారాడని వాళ్లంటారు, అది నిలబడకపోతే ఇల్లు పోతుంది. సారు ఆమెకు అదంతా వివరంగా చెప్పి, "నువ్వేం దిగులు పెట్టుకోవద్దు. ఈసారి నేనే నిలబడతా," అన్నారు. నేను హాయిగా ఊపిరి పీల్చుకుని, సారు పేరు మీద వకాలతు రాయడానికి కలం తీశాను.

నీలమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ సారు వైపు తిరిగింది.

"సామీ, మీరు పెద్దోళ్లు. తప్పుగా అనుకోగాకండి. ఈయమ్మే నిలబడల్ల."

నేను కలం కింద పెట్టేశాను. "అట్ల కాదు నీలమ్మా, నాకు చేతకాదు, ఆ రోజు నువ్వు చూసినావు కదా, నాకు మాటే రాలేదు," అన్నాను.

"సూసినా గదమ్మా. అందుకే సెప్తాండా. ఆడ అందరూ బాగుండ్రి. జడ్జీసామి బాగుండె, ఆ లాయరు నవ్వుకుంటా ఉండె, మా మరిది మీసం దువ్వుకుంటా ఉండె. ఇల్లు పోతాదని గోడకు ఆనుకోని నేనొక్కదాన్నే సస్తాండా. ఈ లోకంలో ఇంగెవురికీ ఈ బయం లేదనుకున్యా. నిన్ను సూస్తే నువ్వు నాకన్నా ఎక్కువ వణుకుతాండావు. నా గుంట కోసరం నాకన్నా ఎక్కువ బయపడేటోళ్లు నాకు ఇంగ యాడ దొరుకుతారమ్మా?"

సారు వకాలతు కాగితాన్ని నెమ్మదిగా నా ముందుకు జరిపారు. రాయక తప్పలేదు. పైన నా పేరు రాస్తుంటే అక్షరాలు వంకర్లు పోయాయి, ఒకటి గీత దాటి కిందికి జారింది. నీలమ్మ బల్ల మీదికి వంగి, వణుకుతున్న నా చేతినే చూస్తూ నిలబడింది. ఆమె ముఖంలో దిగులు తగ్గడం అప్పుడే మొదటిసారి చూశాను.